ఉద్యోగం దొరికిన తర్వాత సంగతి

మొహర్రం నెలలో నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువులో దిగి రొట్టెలు మార్చుకునే జనంలో ఉద్యోగ రొట్టె కోసం చూసేవాళ్లు ప్రతి ఏడూ కనిపిస్తారు. కోరిక తీరినవాళ్లు రొట్టె తెచ్చి ఇస్తారు, కోరుకునేవాళ్లు పట్టుకుంటారు. ఆరోగ్యానికో రొట్టె, చదువుకో రొట్టె, పెళ్లికో రొట్టె. దొరికిన ఉద్యోగంలో మనసు నిలవాలంటే మాత్రం పనిచోట ఉన్నవాళ్లే ఏదో ఒకటి చేసుకోవాలి.

ఆ ‘ఏదో ఒకటి’ దగ్గరే చాలామంది యజమానులు దారి తప్పుతున్నారు. నెల్లూరు బట్టల షాపులోనైనా, చీమకుర్తి గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లోనైనా సిబ్బంది సంతోషం అనగానే ముందు తట్టేవి ఇవే: దీపావళికి స్వీటు పెట్టె, పుట్టినరోజుకు కేకు, గోడ మీద ‘ఈ నెల ఉత్తమ ఉద్యోగి’ ఫోటో. వీటిలో తప్పేమీ లేదు. కాకపోతే పనిరోజులో బాధపెట్టే గంటలను ఇవి తాకవు. మధ్యాహ్నం మూడింటికి కాళ్లు లాగుతున్న సేల్స్ అమ్మాయికి పోయిన వారం తిన్న కేకు గుర్తు రాదు. పనిచోట సంతోషంలో ఎక్కువ భాగం ఏర్పాట్లకు సంబంధించింది. జీతం పడే తేదీ, వారపు సెలవు, కూర్చునే స్టూలు, తూకం కాటా, ఇంటికి తీసుకెళ్లే బస్సు, పైవాడు పిలిచే పిలుపు. ఇవి సరిగా ఉంటే కేకు రుచిగానే ఉంటుంది.

1959లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్, పిట్స్‌బర్గ్ ప్రాంతంలోని రెండు వందల మంది ఇంజనీర్లు, అకౌంటెంట్లతో మాట్లాడి ఒక నిర్ణయానికి వచ్చాడు. పని మీద విరక్తి పుట్టించేవి వేరు, ఇష్టం పుట్టించేవి వేరు అన్నాడు. జీతం, పైవాడి తీరు, నిబంధనలు, సౌకర్యాలు బాగాలేకపోతే విరక్తి వస్తుంది. అవి బాగుపడితే విరక్తి తగ్గుతుంది, అంతవరకే. ఇష్టం పుట్టేది చేసిన పని ఫలించినప్పుడు, దాన్ని ఒకరు గుర్తించినప్పుడు, పనిలోనే పస ఉన్నప్పుడు. మంచి జరిగితే తన గొప్ప, చెడు జరిగితే పైవాడి తప్పు అని చెప్పుకోవడం ఎవరికైనా అలవాటే కదా, ఆ జవాబులను ఎంతవరకు నమ్మాలి అని తర్వాతివాళ్లు విమర్శించారు. ఆ విమర్శలో బలముంది. అయినా చిన్న సంస్థకు హెర్జ్‌బర్గ్ మాట ఒక వరుస చూపిస్తుంది: ముందు విరక్తి కారణాలు తీసేయాలి, మెచ్చుకోళ్లు తర్వాత. వరుస తిరగబడితే మెచ్చుకోలు కూడా వెటకారంలా వినిపిస్తుంది. జీతం పదిహేనో తారీఖు దాటితే గానీ చేతికి రాని చోట ఉత్తమ ఉద్యోగి ఫోటోను ముచ్చటగా చూసేవాళ్లు ఉండరు.

నిలబడే ఉద్యోగం

నెల్లూరు, ఒంగోలు బట్టల షాపుల్లో పనంతా నిలువుకాళ్ల మీదే. గంటల తరబడి కదలకుండా నిలబడితే రక్తం కాళ్లలో దిగువన నిలుస్తుంది, చీలమండలు వాస్తాయి, నడుము పట్టేస్తుంది. సాయంత్రానికి కస్టమర్ మీద చిరాకు పుట్టడానికి కారణం అహంకారమని ఫ్లోర్ మేనేజర్ అనుకుంటాడు. చాలాసార్లు కారణం చీలమండల్లో ఉంటుంది. కేరళ 2018లో, తమిళనాడు 2021లో షాపుల చట్టాలను సవరించి, సిబ్బంది కూర్చునే వీలు కల్పించడాన్ని తప్పనిసరి చేశాయి. మన దగ్గర యజమాని అనుకుంటే చట్టం దాకా పోనక్కర్లేదు. రెండు కౌంటర్లకు ఒక స్టూలు చాలు. ఎత్తు రెండడుగులకు కాస్త పైన ఉంటే, కూర్చున్న మనిషి కస్టమర్‌ను చూడగలుగుతుంది, లేవడానికి శ్రమ పడదు. నియమం ఒక్కటే ఉండాలి: కస్టమర్ కౌంటర్ ముందుకొస్తే లేవాలి, లేనప్పుడు కూర్చోవచ్చు.

ఇంత సులువైనదీ చెడిపోతుంది. మొదటి వారంలోనే స్టూళ్ల మీదకు చీరల కట్టలు ఎక్కుతాయి. లేదా కెమెరాలో చూసిన ఓనరు ఫోన్ చేసి ‘ఎవరా కూర్చుంది’ అంటాడు. ఆ ఒక్క ఫోనుతో స్టూళ్లు అలంకారానికి మిగులుతాయి. ఫ్లోర్ మేనేజర్ తానే రోజుకు రెండుసార్లు అందరి ఎదుటా కూర్చుంటే, ఎన్ని సర్క్యులర్లు పెట్టినా రాని ధైర్యం సిబ్బందికి వస్తుంది.

రెండో సమస్య సెలవు. ఆదివారం వ్యాపారం ఎక్కువ కాబట్టి సెలవు మామూలు రోజుల్లో పడుతుంది. అందులో ఇబ్బంది లేదు. రేపు సెలవని ఈ రాత్రి తొమ్మిదింటికి తెలియడమే ఇబ్బంది. అలాంటి సెలవుకు పిల్లను డాక్టరుకు చూపించడం కుదరదు, ఊరెళ్లడం కుదరదు, నిద్రపోవడం తప్ప మరేమీ కుదరదు. నాలుగు వారాల సెలవుల పట్టిక ముందే గోడ మీద పెట్టాలి. మార్పు కావాలంటే ఇద్దరు పరస్పరం ఒప్పుకుని 48 గంటల ముందు సంతకం పెట్టాలి, మేనేజర్ ఒంటి చేత్తో మార్చకూడదు. సంక్రాంతి, శ్రావణమాసం రద్దీలో సెలవు ఇవ్వలేకపోతే, బదులు సెలవు తేదీ రద్దీ మొదలయ్యే ముందే రాసివ్వాలి. ‘తర్వాత చూద్దాం’ అన్న సెలవు రాదని అందరికీ తెలుసు. వారానికి 48 గంటల పరిమితి, దాటితే రెట్టింపు కూలి అన్నవి చట్టంలో ఉన్నవే. వాటిని సంక్షేమ కార్యక్రమంగా చెప్పుకోవడం బాగుండదు.

పట్టికకు ఇంత విలువెందుకో స్వీడన్‌లోనూ అమెరికాలోనూ ఉద్యోగులను పరిశీలించిన రాబర్ట్ కరాసెక్ 1979లో వివరించాడు. పని ఒత్తిడి ఒక్కటే మనిషిని కుంగదీయదు. ఒత్తిడి ఎక్కువై, తన చేతిలో నిర్ణయం ఏమీ లేనప్పుడు కుంగిపోతాడు. లండన్ ప్రభుత్వోద్యోగుల మీద 1967లో మొదలైన వైట్‌హాల్ పరిశీలనల్లోనూ, పై అధికారుల కంటే కింది స్థాయి వాళ్లలోనే గుండెజబ్బు మరణాలు ఎక్కువని తేలింది. పని మీద అదుపు తక్కువగా ఉండటం అందులో ఒక ముఖ్య కారణంగా తర్వాతి దశలో బయటపడింది. కౌంటర్ సర్దే తీరు, భోజనానికి వెళ్లే వంతు, సెలవు మార్పిడి లాంటి చిన్న నిర్ణయాలు వదిలేస్తే యజమానికి పోయేది లేదు. పనివాళ్లకు మాత్రం రోజు తమదిగా కనిపిస్తుంది.

అమ్మకాల మీద ఇచ్చే ఇన్సెంటివ్ గురించి ఒక్క మాట. మనిషికి విడిగా ఇస్తే కస్టమర్ల కోసం పోటీ పెరుగుతుంది, విప్పిన చీరలు మడత పెట్టేవాళ్లు దొరకరు. యాభై చీరలు విప్పించి ఏమీ కొనకుండా వెళ్లే కస్టమర్‌ను చూసి అందరూ తప్పుకుంటారు. ఫ్లోరంతటికీ కలిపి ఇస్తే ఈ గొడవ చాలావరకు సద్దుమణుగుతుంది. పది మంది లోపు జట్టు అయితేనే సుమా. ముప్పై మందికి కలిపి ఇస్తే తన వంతు ఎక్కడుందో ఎవరికీ కనిపించదు.

రొయ్యల షెడ్డులో కౌంటు లెక్క

నెల్లూరు, ప్రకాశం తీరంలోని రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లలో తల తీసి, పొట్టు ఒలిచే పని ఎక్కువగా ఆడవాళ్లది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి కంపెనీ బస్సుల్లో వస్తారు. చేతులు ఐసులో, కాళ్లు తడి నేల మీద. ఇక్కడ అసంతృప్తికి మొదటి కారణం చలి అని బయటివాళ్లు అనుకుంటారు. కిలోల లెక్కన కూలి ఇచ్చే చోట అసలు గొడవ కౌంటు దగ్గర పుడుతుంది.

కౌంటు అంటే కిలోకు తూగే రొయ్యల సంఖ్య. నిమిషానికి పది రొయ్యలు ఒలిచే చేయి అనుకుంటే, 40 కౌంటు సరుకు కిలోకి నాలుగు నిమిషాలు పడుతుంది, 100 కౌంటుకు పది నిమిషాలు. కిలోకు ఒకే రేటు పెడితే, 100 కౌంటు ట్రే వచ్చిన మనిషికి అదే గంటలో సగం కూలి కూడా రాదు. ఏ ట్రే ఎవరి ముందు పెట్టాలో సూపర్‌వైజర్ నిర్ణయిస్తే, ఆ షెడ్డులో పనితనం కంటే సూపర్‌వైజర్ దయే ఎక్కువ సంపాదిస్తుంది. అక్కడ ఎన్ని ఆటల పోటీలు పెట్టినా మనసులు కలవవు.

చేయాల్సింది కష్టమేమీ కాదు. కౌంటును మూడు నాలుగు తరగతులుగా విడదీసి, తరగతికో రేటు బోర్డు మీద రాయాలి. రేటు ఎలా తేల్చాలంటే, మధ్యరకం వేగం ఉన్న ఐదుగురి చేత ఒక్కో తరగతి సరుకు అరగంట చొప్పున ఒలిపించి చూడాలి. అందరికంటే వేగంగా చేసే మనిషిని కొలతగా పెట్టుకుంటే రేటు పడిపోతుంది, మిగతావాళ్లు కంపెనీ మీదా ఆమె మీదా కోపం పెంచుకుంటారు. రేట్లు వేరుచేయడం కుదరకపోతే ట్రేలను బల్లల వరుసలో వంతులవారీగా పంపాలి, మధ్యలో ఏరుకోవడం ఉండకూడదు.

తర్వాత తూకం. ఒలిచిన సరుకులో నీరు కారకముందు తూస్తే ఎక్కువ, కారాక తూస్తే తక్కువ. ఒకరి ట్రే వెంటనే కాటా ఎక్కి, మరొకరిది ఐదు నిమిషాలు ఆగితే తేడా వస్తుంది, అనుమానమూ వస్తుంది. జల్లెడ ట్రేలో అందరికీ ఒకే సమయం, రెండు నిమిషాలంటే రెండే నిమిషాలు. కాటా అంకెలు పనిచేసే మనిషి వైపు తిరిగి ఉండాలి. రాసిన బరువు చీటీ అప్పుడే చేతికివ్వాలి. ఎడ్వర్డ్ డెసి, రిచర్డ్ రయాన్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు మనిషికి పనిలో మూడు అవసరాలుంటాయని చెబుతారు: స్వేచ్ఛ, పని తనకు చేతనవుతోందన్న నమ్మకం, తోటివాళ్లతో అనుబంధం. గంటగంటకూ తన చీటీలో కిలోలు చూసుకునే మనిషికి రెండోది దొరుకుతుంది. సాయంత్రం ఒకేసారి మేస్త్రి నోటి నుంచి అంకె వింటే, అది దొరకదు సరికదా అనుమానం ఇంటిదాకా వస్తుంది.

సరుకు ఎప్పుడొస్తుందో తెలియకపోవడం ఈ పనికి పుట్టుకతో వచ్చిన చిక్కు. చెరువు పట్టుబడి వాతావరణాన్ని బట్టి, ధరను బట్టి, రోగాన్ని బట్టి మారుతుంది. ఒకరోజు మధ్యాహ్నానికే పని అయిపోతుంది, మరోరోజు రాత్రి పదయినా తెమలదు. దీన్ని పూర్తిగా మాన్పలేం. రేపు రమారమి ఎన్ని టన్నులు వస్తాయో సాయంత్రం ఆరింటికల్లా బస్సు గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టవచ్చు. చదవలేనివాళ్లూ వింటారు, రేపటి వంట, పిల్లల సంగతి చూసుకుంటారు. అంచనా తప్పితే తప్పిందని చెప్పాలి. పిలిపించి, సరుకు రాక వెనక్కి పంపితే కనీసం కొంత కూలి ఇవ్వాలి. ఆ డబ్బు వృథా అనిపించవచ్చు, కానీ మరుసటి రోజు మనుషులు తప్పకుండా వచ్చేది దానివల్లే.

బస్సు సంగతి ఎవరూ పట్టించుకోరు. 2004లో మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానమన్ బృందం ప్రచురించిన పరిశోధనలో, అమెరికాలోని టెక్సస్‌లో 909 మంది ఉద్యోగినుల చేత ముందు రోజు గడిచిన తీరును ఒక్కో ఘట్టంగా గుర్తుచేయించి రాయించారు. రోజంతటిలో ఉల్లాసం బాగా తక్కువగా ఉన్న సమయాల్లో పనికి వెళ్లే ప్రయాణం ఒకటి. ఎవరితో గడిపారన్నది చూస్తే, పైఅధికారితో గడిపిన సమయానిది అట్టడుగు స్థానం. మన బస్సులో దూరపు ఊరి మనిషి ఉదయం అందరికంటే ముందు ఎక్కుతుంది, సాయంత్రం అందరికంటే చివర దిగుతుంది. ఎనిమిది గంటల పని ఆమెకు పన్నెండు గంటలవుతుంది. ఒకవైపు ప్రయాణం గంట దాటే రూటును రెండు చిన్న వాహనాలుగా విడగొట్టి లెక్క వేసి చూడాలి. డీజిల్ ఖర్చు పెరుగుతుంది. అదే రూటులో మానేసేవాళ్ల సంఖ్య పక్కన పెట్టి చూస్తే ఆ ఖర్చు అంత పెద్దగా కనిపించదు.

చీమకుర్తి పని ఇందుకు భిన్నం. గెలాక్సీ అనే నల్ల గ్రానైట్ రాయి కోత మిషన్ నుంచి వచ్చినప్పుడు బూడిద రంగు పలక, పాలిష్ ఎక్కేకొద్దీ నలుపులోంచి బంగారు చుక్కలు తేలుతాయి. మొదలూ చివరా ఒకే మనిషి కళ్లముందు జరుగుతాయి. అమెరికన్ పరిశోధకులు హాక్‌మన్, ఓల్డ్‌హామ్ 1970లలో చెప్పిన మంచి పని లక్షణాల్లో ఇదొకటి: చేసిన పని ముక్కగా కాక ఒక వస్తువుగా కనిపించడం. తమ కూలి తక్కువైనా రాయి గురించి గర్వంగా మాట్లాడే పాలిషర్లు ఉండటానికి కారణం అదే కావచ్చు. అక్కడి బాధలు వేరు: మిషన్ రొద, రేకుల షెడ్డు, రోహిణి కార్తె. మే నెలలో షిఫ్టు ఉదయం ఆరింటికి మొదలుపెట్టి, మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా ఆపడమా, ఒంటిపూట నడపడమా అన్నది పనివాళ్లనే తేల్చుకోమనాలి. ఉత్తరాది నుంచి వచ్చి షెడ్డు పక్కనే ఉండేవాళ్లూ, ఊరి నుంచి వచ్చి వెళ్లేవాళ్లూ వేర్వేరుగా కోరుకుంటారు.

పిలుపు, కుటుంబం, అడ్వాన్సు

పాతికేళ్ల ఫ్లోర్ మేనేజర్ నలభై ఐదేళ్ల ఆమెను కస్టమర్ల ఎదుట ‘ఏయ్, ఇటు రా’ అంటాడు. ఆమెకు అది ఆ రోజంతా పోదు. అక్కా అనో, పేరు పక్కన గారు అనో పిలవడానికి పైసా ఖర్చు లేదు. తప్పు చెప్పాల్సి వస్తే పక్కకు తీసుకెళ్లి, ఏం జరిగింది, ఎందుకు ఇబ్బంది, రేపటి నుంచి ఎలా చేయాలి అన్న మూడు మాటలతో ముగించాలి. ‘నువ్వెప్పుడూ ఇంతే’ అన్న మాట వస్తే విషయం పని దాటి మనిషి మీదకు పోయినట్టే. పది మంది, ఆపైన పనిచేసే చోట 2013 చట్టం ప్రకారం లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండాలి. కమిటీలో ఎవరున్నారో స్వీపరును అడిగితే చెప్పగలగాలి. చెప్పలేకపోతే ఆ కమిటీ కాగితం మీదే ఉన్నట్టు.

‘మనమంతా ఒక కుటుంబం’ అనే మాటతో జాగ్రత్తగా ఉండాలి. మన దగ్గర అక్కా, తమ్ముడూ, పెద్దాయనా అనే పిలుపుల్లో నిజమైన ఆప్యాయత ఉంది. అదే మాటను ఓవర్‌టైం డబ్బులు ఎగ్గొట్టడానికి వాడితే, ఆప్యాయత మొత్తం నటనగా తేలిపోతుంది. అడ్వాన్సు కూడా అంతే. కూతురి పెళ్లికి లక్ష రూపాయలు సర్దిన ఓనరు మంచివాడే. ఆ లక్ష తీరేదాకా మానకూడదన్న షరతు కలిస్తే అది కట్టుబానిసత్వం వైపు జరుగుతుంది. ఎంత ఇచ్చారు, నెలకెంత కోత, మధ్యలో మానేస్తే మిగతాది ఏ వాయిదాల్లో కట్టాలి అన్నవి ఒక కాగితం మీద రాసుకుని చెరో ప్రతి ఉంచుకోవాలి. నెలకోత జీతంలో ఐదో వంతు దాటకుండా చూసుకుంటే ఇల్లు గడుస్తుంది.

చింతగింజలతో కొలత

ఓనరు ఎదురుగా నిలబడి ‘సంతోషంగా ఉన్నారా’ అని అడిగితే ‘బాగానే ఉంది సార్’ తప్ప మరో జవాబు రాదు. బ్రిటన్‌లో ఒక టెలికాం సంస్థ కాల్ సెంటర్లలో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు వారం వారం ముఖాల బొమ్మలతో అడిగి చూశారు. సంతోషంగా ఉన్న వారాల్లో అమ్మకాలు పదో వంతుకు పైగా ఎక్కువ. ఆ పద్ధతి చిన్న సంస్థకూ సరిపోతుంది, కంప్యూటర్ అక్కర్లేదు. లోపల కనిపించని మూడు డబ్బాలు, వాటి మీద నవ్వు ముఖం, మామూలు ముఖం, ఏడుపు ముఖం. పని దిగేటప్పుడు ఒక్కొక్కరు ఒక్క చింతగింజ వేస్తారు. వారానికోసారి లెక్క. అరవై మంది, ఆరు రోజులు అంటే 360 గింజలు రావాలి. 200 మాత్రమే వస్తే, ఆ తక్కువ గింజలే మొదటి సమాచారం.

డబ్బా కెమెరాకు కనిపించే చోట పెడితే ఏడుపు ముఖంలో గింజ పడదు. నవ్వు గింజలు తక్కువైతే సూపర్‌వైజర్‌ను తిడతారని తెలిస్తే, ఆయనే పిడికెడు గింజలు వేసేస్తాడు. పది మంది కూడా లేని విభాగానికి విడిగా డబ్బా పెడితే ఎవరు వేశారో తెలిసిపోతుంది. సంక్రాంతి నెలలో మొదలుపెడితే మామూలు రోజుల సంగతి తెలియదు. ముందు నాలుగు వారాలు ఏమీ మార్చకుండా లెక్కపెట్టాలి. తర్వాత ఒక విభాగంలో ఒకే ఒక్క మార్పు చేసి, రెండో విభాగాన్ని అలాగే ఉంచి, మరో నాలుగు వారాలు చూడాలి. స్టూళ్లు, సెలవుల పట్టిక, కొత్త రేట్లు అన్నీ ఒకేసారి తెస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

గింజలు ఎంతో చెబుతాయి, ఎందుకో చెప్పవు. అందుకు నెలకోసారి, జీతాలు రాసే మనిషి కాకుండా మరొకరు అడగాలి: నిన్న ఏ గంట బాగా గడిచింది, ఏ గంట గడవలేదు? అభిప్రాయం అడిగితే తడబడే మనిషి గంటల గురించి అడిగితే గలగలా చెబుతుంది.

పనివాళ్ల చేతిలో ఉన్నది

యజమాని మారేదాకా ఆగనక్కర్లేని కొన్ని పనులున్నాయి. ఆస్పత్రి పారిశుధ్య సిబ్బందిని పరిశీలించిన ఎమీ రెస్నెస్కీ, జేన్ డటన్ 2001లో ఒక సంగతి రాశారు. పని ఒకటే అయినా కొందరు దాన్ని నేల తుడవడంగా చూశారు. కొందరు మాత్రం రోగి కోలుకోవడంలో తమకూ వంతుందనుకుని, పలకరింపులు, చిన్న సాయాలు పనిలో కలుపుకున్నారు. రెండోరకం వాళ్లకు పని మీద ఇష్టం ఎక్కువ. నెల్లూరు పొగతోట ఆస్పత్రుల్లో రోగి మంచం పక్కన నిమిషం ఆగి మాట్లాడే ఆయాలు ఈ పరిశోధన చదివి ఉండరు. అయితే తక్కువ జీతం ఇచ్చే యజమాని ‘పనిలో అర్థం వెతుక్కోండి’ అని ఉపన్యాసం ఇవ్వడానికి దీన్ని వాడుకోకూడదు. పనివాళ్లు తమంతట తాము చేసుకుంటేనే ఇది బలం.

యజమాని చేయగలిగింది దారి చూపడం. ఆడమ్ గ్రాంట్ 2007లో ప్రచురించిన పరిశోధనలో, విశ్వవిద్యాలయానికి ఫోన్ మీద విరాళాలు అడిగే ఉద్యోగులు, ఆ డబ్బుతో చదువుకుంటున్న విద్యార్థితో ఐదు నిమిషాలు మాట్లాడారు. నెల తర్వాత వాళ్లు ఫోన్ మీద గడిపిన సమయం రెట్టింపు దాటింది, తెచ్చిన డబ్బు రెండున్నర రెట్లు దాటింది. తాను ఒలిచిన రొయ్య అమెరికా దుకాణంలో ఏ ప్యాకెట్‌లో కూర్చుంటుందో, తాను పాలిష్ చేసిన పలక ఏ భవనంలో నేలగా పరిచారో ఫోటోలో చూపడానికి నెలకు పది నిమిషాలు చాలు.

ఏ మార్పు చేసినా మొదటి నెల నవ్వు గింజలు పెరుగుతాయి. పట్టించుకున్నారన్న సంబరమే అందులో సగం. మూడో నెలలో తగ్గుతాయి, అప్పుడు ‘వీళ్లకెంత చేసినా ఇంతే’ అని విసుక్కుని వదిలేయడం మామూలు. అంకె మొదటి నాలుగు వారాల కంటే పైనే ఉంటే మార్పు నిలిచినట్టే. దానికిందకు పోతే, ఆ మూడు నెలల్లో మానేసినవాళ్లకు, మానేసిన రెండు వారాల తర్వాత, ఓనరుకు బంధువు కాని మనిషి చేత ఫోన్ చేయించాలి. లెక్కలు తేలిపోయి, భయం పోయి, కోపం ఇంకా పూర్తిగా చల్లారని ఆ సమయంలో అసలు కారణం చెబుతారు.